బొద్దుబిడ్డ – తల్లిపై నింద

బిడ్డ సన్నగా ఉంటే తల్లికి పెంపకం చేతకాదనీ, బొద్దుగా ఉంటే ఆమె అదృష్టవంతురాలనీ మన ఇళ్లలో తీర్పు. అటువంటి ఇంట అంగన్‌వాడీ కార్యకర్త వచ్చి "బాబు బరువు ఎత్తుకు మించి ఉన్నదమ్మా" అంటే ఆ తల్లికి రెండువైపులా నిందే.

1975లో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ప్రధానంగా బక్కచిక్కిన బిడ్డలను కాపాడటానికి పుట్టినది. 2025 ఏప్రిల్‌లో జరిగిన పోషణ్ పక్వాడాలో బాల్య స్థూలకాయం కూడా ఒక ముఖ్యాంశమైంది. అయిదేళ్లలోపు పిల్లలలో అధిక బరువు గలవారు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2015–16లో నూటికి 2.1, 2019–21లో 3.4. సంఖ్య చిన్నదే, పెరుగుదల చిన్నది కాదు.

నా వద్దకు వచ్చే తల్లులను ఈ సమావేశాల గురించి అడుగుతుంటాను. "పిలిచింది నన్ను. వంటిల్లు మా అత్తగారిది, బిస్కెట్ పొట్లాం తెచ్చేది మామగారు. నేను విని వచ్చి ఏం చేయగలనండీ?" అన్నదొక ఇల్లాలు. మరొకామె బిడ్డ బరువును నలుగురి ఎదుట పైకి చదివారట. దిష్టి తగులుతుందని అత్తగారు మరునెల పంపలేదు. దీనిని మూఢనమ్మకమని నవ్వి వదిలేయలేను. అంకెను తల్లి చెవిన మెల్లగా చెబితే పోయేదేమున్నది?

చరకసంహిత సూత్రస్థానం 21వ అధ్యాయం అతిస్థూలుని, అతికృశుని ఇద్దరినీ నిందితులలోనే చేర్చి, వీరిలో స్థూలునికి చికిత్స కష్టతరమన్నది. అతిభోజనం, గురు మధుర స్నిగ్ధ పదార్థాలు, వ్యాయామలోపం, పగటినిద్రలతోపాటు బీజస్వభావాన్ని కూడా హేతువుగా చెప్పినది. తల్లినొక్కతెనే దోషిని చేసేవారు ఈ చివరి మాట గమనించాలి.

ఎదిగే బిడ్డకు లంఘనం పనికిరాదు. పెద్దలకిచ్చే ఉలవ కషాయాలు, తేనెనీళ్లు పసివారికి పట్టరాదు. ఏడాదిలోపు తేనె అసలే నాకించరాదు. ఆరు నెలల వరకు తల్లిపాలు మాత్రమే, ఆపై తల్లిపాలతోపాటు పెసరపప్పు, బియ్యంతో మెత్తని ఉగ్గు, చిటికెడు నెయ్యి. రెండేళ్ల వరకు పంచదార వద్దు. ముద్ద పెట్టబోతే మొహం తిప్పుకున్నదా, గిన్నె పక్కన పెట్టండి. ఏడ్చిన ప్రతిసారీ అది ఆకలి కాదు. నడక వచ్చిన బిడ్డను చంకన మోయక వాకిట్లో తిరగనివ్వండి. ఎత్తు పెరిగేకొద్దీ చాలామందికి బరువు సర్దుకుంటుంది. బరువు మరీ వేగంగా పెరుగుతుంటే పిల్లల వైద్యునికి చూపాలి.

ఒక ఊరిలో కార్యకర్త ఇంటికే వెళ్లి, అత్తగారి పక్కన కూర్చుని, ఆ ఇంటి గిన్నెతోనే కొలత చూపించిందట. ఇప్పుడా నానమ్మే చిన్న గ్లాసులో, పంచదార లేకుండా పాలు పోస్తున్నదని కోడలు చెప్పింది. తాతగారి బిస్కెట్లు మాత్రం ఇంకా ఆగలేదట.