దూరములు తారుమారైన మాసము: 1942 ఏప్రిల్

కోలారు జిల్లాలో ముళబాగిలు సమీపముననున్న కురుడుమలె, పదమూడడుగులకు మించిన ఏకశిలా గణపతికిని, సోమేశ్వరాలయమునందలి శిల్పసంపదకును పేరెన్నికగన్న గ్రామమే గాని, సముద్రముతో దానికెట్టి పొత్తును లేదు. అచటినుండి మద్రాసు తీరము సూటిగా కొలిచినను సుమారు 130 మైళ్ళ దవ్వున కలదు; పలమనేరు మీదుగా దిగి, చిత్తూరు సీమ దాటి పోవు బాటను బట్టి చూచినచో అది ఎద్దుబండికి వారము దినముల పయనము. సముద్రమట్టమునకు రెండువేల అయిదువందల అడుగుల పైచిలుకు ఎత్తున నెలకొన్న ఈ పీఠభూమికి ఆ దవ్వే కోటగోడ వంటి రక్షణ. అయితే 1942వ సంవత్సరము ఏప్రిల్ మాసమున ఆ గోడ ఎంత పలుచనిదో తేలిపోయినది. ఏలయన, గంటకు 150 మైళ్ళ వేగముతో ఎగురు విమానమునకు ఈ దూరము గంటసేపటి పని యైనను కాదు, ఆ విమానమును మోసికొని వచ్చు నౌక బంగాళాఖాతమున ఏ మూలనైన నుండవచ్చును.

రెండవ ప్రపంచయుద్ధమున మలుపులని చెప్పదగిన ఘట్టములు పెక్కు కలవు. కాని ఆ ఒక్క మాసమున ఎన్నెన్ని మలుపులు ఒకదానిపై నొకటి వచ్చి పడినవో చూచిన ఆశ్చర్యము కలుగును. ఏప్రిల్ 5వ తేదీ ఒక్కటే చాలును: ఆనాడే జపాను విమానములు కొలంబోపై విరుచుకొని పడినవి, ఆనాడే కాకసస్ తైలక్షేత్రములను పట్టుకొనుటకు జర్మను సేనలను దక్షిణ రష్యా వైపు నడిపించు 41వ ఆదేశపత్రము హిట్లరు పేర వెలువడినది, ఆనాడే టోక్యోలోని నౌకాదళ ప్రధానకార్యాలయము, అడ్మిరల్ యమమోటో పట్టుదలకు తలయొగ్గి, మిడ్వే ద్వీపముపై దండెత్తుటకు సమ్మతించినది. మూడు తావులలో మూడు వేర్వేరు బుద్ధులు చేసిన ఈ మూడు నిర్ణయములకును మూలమైన ప్రశ్న మాత్ర మొక్కటే: ఎంత దూరము చూడగలము, ఎంత దూరము చేరగలము, చేరిన చోట ఎంత కాలము నిలువగలము? ఆ నెల చరిత్రను సేనానుల శౌర్యమునుబట్టి గాక ఈ ప్రశ్ననుబట్టి పరిశీలించుట మన యుద్దేశము.

ముందుగా చూపు సంగతి. భూమి గోళాకారముగా నుండుటచే ఎంతటి నిర్మలాకాశమునందైనను మన చూపు ఒక హద్దుకడ ఆగిపోవును. ఆ హద్దే దిక్చక్రము. కన్ను ఎంత ఎత్తున నున్నదో అడుగులలో కొలిచి, దాని వర్గమూలమును 1.2 చేత హెచ్చించిన, దిక్చక్రము ఎన్ని మైళ్ళ దూరమున నున్నదో ఇంచుమించుగా తెలియును. నూరడుగుల కొయ్యస్తంభముపై నిలిచిన నావికునకు 12 మైళ్ళు కనబడును. పదివేల అడుగుల ఎత్తున ఎగురు వైమానికునకు 120 మైళ్ళు. దూరము పదింతలైనప్పుడు కంటికి చిక్కు సముద్రవైశాల్యము నూరింతలగును గనుక, ఒక్క విమానము నూరు నౌకల కాపలా చేయునన్నమాట. కురుడుమలె చుట్టునున్న రాతిగుట్టలెక్కి తూర్పునకు చూచినను సముద్రమేల కనబడదో ఈ సూత్రమే చెప్పగలదు: రెండువేల ఏడువందల అడుగుల ఎత్తునకు దిక్చక్రము సుమారు అరువది రెండు మైళ్ళ కడనే ముగియును, సముద్రమో దానికి రెండింతల దూరమున నున్నది.

సింహళమును రక్షించుచుండిన బ్రిటిషువారికి ఈ ఎత్తైన కన్ను ఏప్రిల్ 4వ తేదీ సాయంకాలమున అక్కరకు వచ్చినది. లెనార్డ్ బర్చల్ అను కెనడా దేశపు వైమానికుడు నడుపుచుండిన కాటలీనా విమానము, ద్వీపమునకు ఆగ్నేయముగా సుమారు 360 మైళ్ళ దూరమున అడ్మిరల్ నగుమో దళమును కనుగొని, శత్రువిమానములు తన్ను కూల్చివేయులోపల ఆ వార్తను తంత్రీరహితముగా కొలంబోకు అందించెను. నగుమోతో వచ్చినవి అకాగీ, సోర్యూ, హిర్యూ, షోకాకు, జుయికాకు అను అయిదు విమానవాహక నౌకలు. వార్త ముందుగా అందుటచే రేవులోని ఓడలు పెక్కు రాత్రికి రాత్రియే తరలిపోయినవి. అయినను మరునాటి దాడికి చిక్కినవి కొన్ని కలవు. వానిలో డార్సెట్షైర్, కార్న్వాల్ అను రెండు పెద్ద క్రూయిజర్లు నడిసముద్రమున మునుగుటయు, వానితో 424 మంది మడియుటయు ఆనాటి విషాదములలో ముఖ్యమైనవి.

ఈ క్రూయిజర్లు మునిగిన విధము భౌతికశాస్త్రమునకు చక్కని పాఠము. పదివేల అడుగుల ఎత్తున సమతలముగా ఎగురు విమానమునుండి జారవిడిచిన బాంబు సముద్రమును తాకుటకు ఇరువదియైదు సెకనులు పట్టును. సెకనుకు 45 అడుగుల చొప్పున పరుగిడు నౌక ఆలోపల వేయి అడుగులకు పైగా, అనగా తన నిడివికి ఇంచుమించు రెండింతల దూరము, తప్పించుకొని పోగలదు. జపాను వైమానికులు అట్లు చేయలేదు. ఎండ వచ్చు దిక్కున, నౌకల ముందువైపునుండి, నిట్టనిలువునకు కొంచెము తక్కువైన వాలుతో తలక్రిందులుగా దూకి, రెండువేల అడుగుల దాపునకు వచ్చి బాంబును విడిచిరి. దూకు విమానమునకు గల వేగమంతయు బాంబునకు సంక్రమించును గనుక అది నాలుగైదు సెకనులలోనే క్రిందికి చేరెను. అంతలో నౌక జరుగగలిగినది రెండువందల అడుగులు మాత్రమే, దాని నిడివియో ఆరువందల ముప్పది అడుగులు. ఏ మేటి నావికుడు చుక్కాని త్రిప్పినను ఈ లెక్కనుండి తప్పించుకొనజాలడు. డార్సెట్షైరు దెబ్బ తిన్న పిదప ఎనిమిది నిమిషములలో కనుమరుగైనది.

మరునాడు, అనగా ఏప్రిల్ 6వ తేదీ, యుద్ధము తెలుగుగడ్డను తాకినది. అడ్మిరల్ ఓజావా నడుపుచుండిన వేరొక దళమునుండి, ర్యూజో అను చిన్న విమానవాహక నౌక పంపిన విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు కురిపించినవి. భారత ప్రధానభూమిపై శత్రువు విసిరిన తొలి బాంబులవియే. ప్రాణనష్టము కొలదిగనే జరిగినను, అదే దళము తూర్పు సముద్రమున కొలది దినములలో 23 వర్తకనౌకలను, లక్షా పండ్రెండువేల టన్నుల మేరకు, ముంచివేయుటచే బంగాళాఖాతమున ఓడల రాకపోకలు ఇంచుమించుగా స్తంభించినవి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వాల్తేరు విడిచి గుంటూరు చేరినది ఆ యేటనే. శత్రుదళము మద్రాసునకు సమీపించుచున్నదని ఏప్రిల్ రెండవ వారమున పుట్టిన వదంతిని నమ్మి, ప్రభుత్వ కార్యాలయములతో పాటు అసంఖ్యాకులగు జనులు లోనాడులకు తరలిపోయిరి. విచిత్రమేమనగా, నగరము ఖాళీ యగుచుండిన ఆ దినములలోనే నగుమో నౌకలు మలక్కా జలసంధి మార్గమున స్వదేశమునకు మరలిపోవుచుండెను. చూపు లేనిచోట భయమునకు హద్దులేదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

చూపు ఉన్నచోట ఏమగునో ఏప్రిల్ 9వ తేదీన సింహళపు రేవైన త్రికోణమలై చూపినది. అచటి రాడారు శత్రువిమానములను తొంబది మైళ్ళ దాపున నుండగానే పసిగట్టెను. రేడియో తరంగము సెకనుకు లక్షా ఎనుబదియారువేల మైళ్ళు పోవును గనుక, తొంబది మైళ్ళు పోయి, విమానమును తాకి, మరలివచ్చుటకు సెకనులో వేయవవంతు చాలును. ఆ స్వల్పకాలమును కొలుచుటయే రాడారు చేయు పని. దానివలన రక్షకులకు దక్కినది సుమారు అరగంట. యుద్ధవిమానము పోరాడదగిన ఎత్తునకెగయుటకు పది నిమిషములు కావలెనన్నచో ఆ అరగంట విలువ తెలియును. నాలుగు దినముల క్రిందట కొలంబోలో అట్టి హెచ్చరిక అందక, అనేక విమానములు నేలమీదనే యుండగా శత్రువు తలమీదికి వచ్చియుండెను. అట్లయినను, అంతకు ముందటి రాత్రియే రేవు విడిచిన హెర్మీస్ అను విమానవాహక నౌక, తనపై ఒక్క విమానమైనను లేని స్థితిలో, తూర్పుతీరమున చిక్కి మునిగిపోయినది.

ఆనాడే జరిగిన మరియొక చిన్న సంఘటన అంతకంటె గమనింపదగినది. తొమ్మిది బ్లెన్‌హైమ్ విమానములు అకాగీని వెదకికొని పోయి, పదునొకండువేల అడుగుల ఎత్తునుండి బాంబులు విడిచినవి. అవన్నియు నీటిలోనే పడినవి. ఇరువదియారు సెకనులు నౌకకు చాలునని మనమిప్పుడే చూచితిమి. అయితే బాంబులు ప్రక్కన పడువరకును జపానువారు ఆ విమానముల రాకనే కనిపెట్టలేదు. వారి నౌకలపై అప్పటికి రాడారు లేదు. దాడికి అంత నేర్పుగల దళము కాపుదలకు కేవలము మానవనేత్రమునే నమ్ముకొనియుండెను. విజయోత్సాహమున ఈ లోపమును వారు లెక్కింపలేదు.

ఏప్రిల్ 18వ తేదీన జపానే ఈ లెక్కకు గురియైనది. అమెరికా లెఫ్టినెంట్ కర్నల్ డూలిటిల్ నాయకత్వమున పదునారు బి-25 విమానములు, భూమిపైనుండి ఎగురుటకే నిర్మింపబడినవి, హార్నెట్ అను నౌకపైనుండి లేచి టోక్యో మున్నగు నగరములను తాకినవి. మొదటి విమానమునకు ముందు మిగిలిన చోటు నాలుగువందల డెబ్బది అడుగులైనను లేదు. నౌక పరుగును ఎదురుగాలియు కలిసి, కదలక నిలిచిన విమానపు రెక్కలకే గంటకు ఏబది మైళ్ళకు మించిన గాలిని అందించుటచే, ఎగురుటకు కావలసిన వేగమున పెద్దపాలు ఊరకయే సమకూడెను. జపాను కాపలాపడవ యొకటి తమ్మును చూచినందున, అనుకొన్నదానికంటె ముందుగా సుమారు 650 మైళ్ళ దూరముననే వారు ఎగురవలసి వచ్చెను. కలిగిన నష్టము అల్పమే. కాని రాజధాని ఆకాశమునకు శత్రువు చేరగలిగెననుట అవమానమై, మిడ్వే దండయాత్రను శంకించువారి నోళ్ళు మూతపడినవి.

ఇక చేరిన చోట నిలుచుట. ఏప్రిల్ నడుమ బర్మాలోని యెనాంజాంగ్ నూనెబావులను బ్రిటిషువారే ధ్వంసము చేసి వెనుదిరిగిరి. 29వ తేదీన లాషియో పడిపోవుటతో చైనాకు సాయమందించు బాటయు తెగినది. బర్మానుండి ఏటేట భారతదేశమునకు వచ్చుచుండిన పది లక్షల టన్నులకు పైబడిన బియ్యము ఆగిపోయినది. కాకినాడ, విశాఖ రేవులలో ఓడలెక్కి రంగూను చేరి, మిల్లులలోను రేవులలోను చెమటోడ్చిన మన తెలుగువారెందరో కాలినడకను అడవులు దాటుచు, చలిజ్వరమునకును విషూచి‌కిని బలియైరి. చలిజ్వరమునకు మందైన క్వినైను దొరకు జావాయు అంతకు ముందటి నెలలోనే శత్రువశమై పోయెను.

కోలారు బంగారు గనులవారికి ఈ సందర్భమున ఒక సత్యము స్ఫుటముగా గోచరించియుండవలెను. యుద్ధారంభమున అమెరికాలో సరకు కొనుటకు బ్రిటనుకు బంగారము ప్రాణాధారము. 1941 మార్చిలో, వెంటనే సొమ్ము చెల్లింపకయే సరకు పొందనిచ్చు లెండ్ లీజు చట్టము వచ్చిన పిమ్మట కొరతపడినది బంగారము కాదు. నూనె, రబ్బరు, క్వినైను, ఓడలు. మైసూరు సీమకును ఆ యుద్ధమున క్రొత్త పాత్ర లభించెను: తీరమునకు దూరముగా బెంగుళూరులో, వాల్‌చంద్ హీరాచంద్ పూనికతోను మైసూరు ప్రభుత్వపు పెట్టుబడితోను 1940 డిసెంబరులో వెలసిన హిందుస్థాన్ విమాన కర్మాగారమును, భారత ప్రభుత్వము ఆ ఏప్రిల్ మొదటి దినములలోనే తన చేతిలోనికి తీసికొనెను.

అయితే ఆనాడు కోలారు గనులలో పనిచేసినవారికి, ఈ యుద్ధపు కీలకమును పుస్తకముతో పని లేకయే గ్రహింపగల అవకాశము ఉండెను. ఛాంపియన్ రీఫ్, ఊరిగాం గనులు అప్పటికే ఎనిమిదివేల అడుగులకు మించిన లోతునకు దిగినవి. అంత లోతునుండి ఖనిజమును ఒకే ఉక్కుత్రాటితో పైకి లాగుట సాధ్యము కాదు. త్రాడు నిడివియైన కొలది దాని స్వంత బరువే దాని బలమును తినివేయును. లావు చేసిన బరువును లావుతోపాటే పెరుగును. అందుచేతనే కొంతలోతు వరకు ఒక షాఫ్టును, అటుపై వేరొక చోట మరియొక షాఫ్టును త్రవ్వి, వైండింగ్ ఇంజనులను విడివిడిగా నెలకొల్పి, సరకును అంచెలంచెలుగా పైకి చేర్చుచుండిరి.

నౌకాదళపు సంగతియు ఇట్టిదే. ఇంధనమును మోయు ఓడలకును ఇంధనము కావలెను, ఆ ఓడలను కాచుటకు వేరు ఓడలు, వానికి మరల ఇంధనము. నడుమ అంచెలు లేకుండ దూరము పెరిగిన కొలది, చివరకు చేరు బలము క్షీణించుచుండును. పెరల్ హార్బరు మొదలుకొని సింహళము వరకు నాలుగు నెలలలో భూగోళమున మూడవవంతు తిరిగిన నగుమో దళము గెలిచి మరలినదే గాని, హిందూసముద్రమున నిలువలేకపోయినది. తిరుగుదారిలోనే షోకాకు, జుయికాకు అను రెండు నౌకలు పగడాల సముద్రమునకు మరలింపబడి, ఒకటి గాయపడుటచేతను మరియొకటి వైమానికులను కోల్పోవుటచేతను, మిడ్వే యుద్ధమునకు అందకుండ పోయినవి. జూన్ మొదటి వారమున ఆ యుద్ధమున మునిగిన నాలుగు విమానవాహక నౌకలలో అకాగీ, సోర్యూ, హిర్యూ మూడును కొలంబోపై దాడి చేసినవే. అచటను రాడారు లేని నౌకలపై, నిట్టవాలున దూకిన విమానములే ఆ పని చేసినవి. విశాఖపై విమానములు పంపిన ర్యూజో ఆగస్టులో మునిగెను.

కాన 1942 ఏప్రిలును జపాను విజయమాసముగా వర్ణించు గ్రంథములు సగము సత్యమునే చెప్పుచున్నవి. ఓడలను లెక్కించిన గెలుపు జపానుదే. దూరములను లెక్కించిన, ఓటమికి కావలసిన కారణములన్నియు ఆ ముప్పది దినములలోనే సమకూడినవి. పిడుగు వలె దూకగల దళమునకు కనులు లేకుండుట, వెనుక అంచెలు లేకుండుట అను రెండు లోపములును గెలిచిన దినములలోనే స్పష్టముగా నున్నవి గాని, గెలుపు లెక్కలలో వానిని చేర్చుకొనువారు ఎన్నడును అరుదు.