తులం ఎవరిది? గుంట ఎంత?

అపోహ: కిలో, మీటరు ఇంగ్లీషోళ్లు అంటగట్టి పోయినవి.

ఇది తిరగేసిన మాట. టేపు మీద మనం చూసే అడుగు, అంగుళం, పాసుపుస్తకంలోని ఎకరం, ఇవీ వాళ్లవి. మెట్రిక్ వచ్చింది వాళ్లు పోయాకే. 1956లో చట్టం అయింది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి 100 నయా పైసలయ్యాయి. 1958 అక్టోబరు నుంచి కిలో తూకం మొదలైంది. అంతకుముందు చెలామణిలో ఉన్న 80 తులాల శేరు 933 గ్రాములు.

అపోహ: తులం అంటే ఎప్పుడూ 10 గ్రాములే.

పాత తులం 11.66 గ్రాములు. ఇవాళ బంగారం దుకాణంలో తులం ధర అంటే 10 గ్రాముల ధర. నానమ్మ కాలపు ఐదు తులాల గొలుసు 58 గ్రాములు తూగితే, ఇప్పుడు చేయించే ఐదు తులాలది 50 గ్రాములే. పెళ్లి మాటల్లో ఎవరి తులమో అడగడం మర్యాద కాదనుకుంటాం. గ్రాముల్లో మాట్లాడుకుంటే ఆ మొహమాటమే ఉండదు.

‘పొలం లెక్క మెట్రిక్‌కు లొంగదు’ అనేది కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు గట్టిగా వినిపించే మాట. గుంట అంటే 121 చదరపు గజాలు. మీటర్లలో చూస్తే 101 చదరపు మీటర్లు, అంటే దాదాపు వంద! భూమి బేరానికి ఆ ఒక్కటీ వదలకండి గాని, అంచనాకు వంద చాలు. చదరపు మీటరు నేల మీద మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. గుంట మీద సెంటీమీటరు పడితే సుమారు వెయ్యి లీటర్లు. 2025 ఆగస్టు వానలకు రాజంపేట మండలం ఆర్గొండలో 40 సెంటీమీటర్లకు పైగా నమోదైంది. అంటే ఒక్కో గుంట మీద 40 వేల లీటర్లు, ఎనిమిది పెద్ద ట్యాంకర్ల నీళ్లు. గజాలు, అంగుళాలతో ఈ లెక్క నోటితో కట్టడం నా వల్ల కాదు.

అపోహ: సర్కారు ఎప్పుడో మారింది, మారనిది జనమే.

మంజీర మీది నిజాంసాగర్ నిండితే ఇప్పటికీ 1405 అడుగులనే అంటారు. టీఎంసీ, క్యూసెక్కు రెండూ ఘనపుటడుగుల లెక్కలే. క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్లు, టీఎంసీ అంటే 2,831 కోట్ల లీటర్లు.

ఇక ఆటల దగ్గర ‘ఏ కొలతైతేనేం’ అంటారు. వాలీబాల్ కోర్టు 18×9 మీటర్లు. అడుగుల టేపుతో 60×30 గీస్తే చివరి గీత ఒక్కో వైపు 14 సెంటీమీటర్లు వెనక్కి జరుగుతుంది. ఊళ్లో ఆ గీత మీద దింపడం అలవాటైన సర్వీసు కొలిచి గీసిన కోర్టులో అవుట్ కావచ్చు. వల ఎత్తుకు మాత్రం ఆ బాధ లేదు. మగవాళ్ల ఆటకు 2.43 మీటర్లు, ఎనిమిది అడుగులకు సెంటీమీటరు కూడా తేడా లేదు.