స్టిక్కర్ మీద 48 ఉంటే సరిపోదు బాస్!

‘ఠప్’మని ఒక చప్పుడు. కళ్ల ముందు నీలం మెరుపు. చేతిలో ఉన్న కనెక్టర్ సగం నల్లబడిపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మేం ముగ్గురం ఉండే రూమ్‌లో, రాత్రి పదిన్నరకి నేను చేసిన ఘనకార్యం ఇది.

విషయం ఏంటంటే, సాయంత్రాలు ఫుడ్ డెలివరీకి తిరిగే నా ఎలక్ట్రిక్ స్కూటర్ రాత్రి తొమ్మిదికే చేతులెత్తేసేది. ఆర్డర్లు బాగా వచ్చేది సరిగ్గా అప్పుడే. ఫ్రెండ్ ఒకడు తన బండి వదిలించుకుంటూ బ్యాటరీ ప్యాక్ నాకిచ్చాడు. నాదీ 48 వోల్టులే, వాడిదీ 48 వోల్టులే. ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపితే పారలల్. వోల్టేజ్ మారదు, కిలోమీటర్లు డబుల్. ఇంటర్ ఫిజిక్స్ ఇన్నాళ్లకి అక్కరకొచ్చిందని తెగ మురిసిపోయా.

మర్నాడు రెండూ మోసుకుని బ్యాటరీలు రిపేరు చేసే ఒక అన్న దగ్గరికెళ్లా. కాలిన కనెక్టర్ చూసి ఆయన అడిగింది ఒక్కటే. “తమ్మీ, స్టిక్కర్ చూసి కలిపినవా, మీటర్ పెట్టి కలిపినవా?”

మీటర్ పెడితే నా ప్యాక్ 46 వోల్టులు, రెండోది 54. ఇలాంటి లిథియం అయాన్ ప్యాక్‌లో 13 సెల్ గ్రూపులు సిరీస్‌లో ఉంటాయి. ఒక్కో గ్రూపు ఫుల్ అయితే 4.2 వోల్టులు, మొత్తం 54.6. బాగా దిగిపోతే 40 దగ్గరికి వస్తుంది. స్టిక్కర్ మీది 48 పేరుకే! ‘తేడా ఎనిమిదేగా’ అనిపిస్తుంది. కానీ రెండు ప్యాకులు, వైర్లు అన్నీ కలిపి రెసిస్టెన్స్ 0.15 ఓమ్ ఉందనుకోండి. 8ని 0.15తో భాగిస్తే 53 ఆంపియర్లు. నా చార్జర్ ఇచ్చేది 5. అంటే నిండు ప్యాక్ ఖాళీ ప్యాక్‌లోకి చార్జర్ కంటే పది రెట్లు జోరుగా దూకబోయింది. చెరువు కట్టకి గండి కొట్టినట్టే.

మరి బీఎంఎస్ కాపాడదా? నేనూ ఆ ధీమాతోనే ఉన్నా. చాలా చౌక బీఎంఎస్‌లలో చార్జర్‌కి ఒక దారి, బండికి ఇంకో దారి ఉంటాయి. బండికి వెళ్లే వైర్ల నుంచి కరెంటు వెనక్కి లోపలికొస్తే దాన్ని ఆపే స్విచ్ అక్కడ ఉండదు. నేను కలిపింది ఆ వైర్లనే.

ఇంటికొచ్చాక నాకు నిద్ర పట్టలేదు. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచి, పైనున్న లాడ్జిలో 8 మంది చనిపోయారు. మా రూమ్‌కి ఉన్నది ఒకటే తలుపు. బ్యాటరీ చార్జింగ్ పెట్టేది ఆ తలుపు పక్కనే. లోపల ఇద్దరు ఫ్రెండ్స్ పడుకుని ఉంటారు.

ఇంతకీ అసలు మెలిక వేరే ఉంది. రెండు ప్యాకుల వోల్టేజ్ సమానం చేసినా పని పూర్తికాదు. అన్న రెండో ప్యాక్ బ్యాలెన్స్ వైర్లకి మీటర్ పెట్టి ఒక్కో గ్రూపూ కొలిచాడు. పన్నెండు గ్రూపులు ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. ఏడోది మాత్రం బాగా కింద. బయట నుంచి మొత్తం కొలిస్తే ఇది కనిపించదు. క్లాసు యావరేజ్ చూస్తే ఫెయిలైనవాడు కనిపించనట్టు! ఒకే గ్రూపులో పక్కపక్కనే కలిసిన సెల్స్ వాటంతటవే సర్దుకుంటాయి. సిరీస్‌లో ఉన్న గ్రూపులు సర్దుకోవు. ఎక్కువ నిండిన గ్రూపుల నుంచి బీఎంఎస్ కొంచెం కొంచెం కరెంటు వేడి రూపంలో వదిలేసి సమానం చేయాలి. అది కూడా సాధారణంగా చార్జింగ్ చివర్లోనే, ఏ 50 మిల్లీ ఆంపియర్ల చొప్పునో. ఒక ఆంపియర్ అవర్ తేడా పోవాలంటే 20 గంటలు. మనమేమో 90 శాతానికే ప్లగ్ పీకి పరిగెడతాం.

పారలల్ తప్పనిసరైతే అన్న చెప్పిన పద్ధతి ఇదీ. రెండింటినీ విడివిడిగా ఫుల్ చార్జ్ చేసి, బ్యాలెన్స్ అవడానికి టైమిచ్చి, కాసేపు ఆగి కొలవాలి. తేడా 0.1 వోల్ట్ లోపుంటేనే కలపాలి. ప్రతి ప్యాక్‌కి సొంత బీఎంఎస్, సొంత డీసీ ఫ్యూజ్ ఉండాల్సిందే. ఇక ఎల్ఎఫ్‌పీ ప్యాక్‌ని దీనితో ఎప్పటికీ కలపొద్దు. దాని మీదా 48 అనే ఉంటుంది గానీ, 16 సెల్స్‌దైతే ఫుల్ వోల్టేజ్ 58.4.

నన్నడిగితే డెలివరీ బండికి పారలల్ అక్కర్లేదు. ఒకసారికి ఒకే ప్యాక్‌ని కలిపే చేంజోవర్ స్విచ్ చాలు. మొదటిది దిగాక బండి ఆపి రెండోదానికి తిప్పుకోవడమే. నేనదే పెట్టించుకుందామనుకున్నా. కానీ రెండు రాత్రులు షాపులోనే చార్జింగ్‌లో ఉంచినా ఏడో గ్రూపు కోలుకోలేదు. ఆ ప్యాక్ అక్కడే వదిలేసి వచ్చేశా. ఇప్పుడు ఒక్క ప్యాక్‌తోనే తిరుగుతున్నా. ఎనిమిదింటికి ఇంటికొచ్చి అరగంట చార్జింగ్ పెడతా, తలుపు దగ్గర కాదు, కింద పార్కింగ్‌లో. ఆ అరగంటలో రెండు మూడు ఆర్డర్లు పోతున్నాయి, పోనీ.