అలబామాలో జూద చట్టబద్ధత వివాదం

అలబామా అమెరికా సంయుక్త రాష్ట్రాలకు ఆగ్నేయ భాగంలో ఉన్న రాష్ట్రం. దీని రాజధాని మాంట్‌గోమరీ. చర్చిల ప్రభావం, సంప్రదాయవాద రాజకీయాలు బలంగా ఉన్న ఈ రాష్ట్రంలో లాటరీని, కేసినోలను చట్టబద్ధం చేయడానికి జరిగిన ప్రయత్నాలు పలుమార్లు విఫలమయ్యాయి. 2024 నాటికి ప్రభుత్వ లాటరీ లేని అయిదు అమెరికా రాష్ట్రాలలో ఇది ఒకటి. మిగిలినవి అలాస్కా, హవాయి, నెవాడా, యూటా. ఈ వైఫల్యాలకు నైతిక అభ్యంతరాలే కాక, జూద వ్యాపారుల మధ్య పోటీ కూడా కారణం.

రాజ్యాంగ నిషేధం

1901 నాటి రాష్ట్ర రాజ్యాంగంలో 65వ సెక్షను లాటరీలను నిషేధించింది. అందువలన లాటరీ పెట్టడానికి మామూలు చట్టం చాలదు, రాజ్యాంగ సవరణ కావాలి. సవరణను రెండు సభలలోనూ అయిదింట మూడు వంతుల సభ్యులు ఆమోదించాలి. అనగా ప్రతినిధుల సభలో 105 మందికి 63 మంది, సెనేట్‌లో 35 మందికి 21 మంది. ఆ తరువాత ప్రజలు ఓటు ద్వారా సమ్మతించాలి.

అమలులో ఉన్న జూదం

నిషేధం ఉన్నా రాష్ట్రంలో జూదం లేకపోలేదు. కొన్ని కౌంటీలలో (కౌంటీ అనగా జిల్లా వంటి పాలనా విభాగం) స్థానిక సవరణల ద్వారా బింగో ఆటకు అనుమతి లభించింది. బింగో పేరిట ఎలక్ట్రానిక్ యంత్రాలు నడపవచ్చునా అన్న విషయమై దీర్ఘకాలం వ్యాజ్యాలు నడిచాయి. రాష్ట్ర సుప్రీం కోర్టు 2009లో బింగో అంటే అంకెలు పిలుస్తుండగా ఆటగాళ్ళు కార్డులపై గుర్తించుకునే సంప్రదాయ ఆట మాత్రమేనని నిర్ణయించింది.

పోర్చ్ క్రీక్ అనే ఆదివాసీ తెగకు 1984లో కేంద్ర ప్రభుత్వ గుర్తింపు లభించింది. 1988 నాటి కేంద్ర చట్టం ఆధారంగా ఈ తెగ అట్మోర్, వెటంప్కా, మాంట్‌గోమరీలలో ఎలక్ట్రానిక్ బింగో కేసినోలను నడుపుతున్నది. వీటిపై పన్ను విధించే అధికారం రాష్ట్రానికి లేదు.

1999 ప్రజాభిప్రాయ సేకరణ

పొరుగున ఉన్న జార్జియాలో 1993లో లాటరీ మొదలై, దాని ఆదాయంతో విద్యార్థులకు ఉపకార వేతనాలు ఇచ్చారు. అదే పద్ధతిని వాగ్దానం చేసి డెమొక్రాటిక్ పార్టీకి చెందిన డాన్ సీగల్‌మన్ 1998లో గవర్నరుగా ఎన్నికయ్యాడు. చర్చిలు ఈ ప్రతిపాదనను గట్టిగా వ్యతిరేకించాయి. 1999 అక్టోబరు 12న సుమారు 54 శాతం ఓటర్లు దీనిని తిరస్కరించారు. మిసిసిపీలో కేసినోలు నడిపే చోక్టా తెగ సొమ్ము మధ్యవర్తుల ద్వారా అలబామాలోని జూద వ్యతిరేక ప్రచారానికి చేరినట్లు 2006లో అమెరికా సెనేట్ సంఘం నివేదిక వెల్లడించింది. ఈ విధంగా జూదాన్ని పాపంగా భావించినవారు, పోటీని కోరని కేసినో యజమానులు ఒకే వైపున నిలిచారు.

తరువాతి ప్రయత్నాలు

2010 ఎన్నికలలో రిపబ్లికన్ పార్టీ రెండు సభలలోనూ ఆధిక్యం సాధించింది. నాటినుండి ఈ వివాదం ప్రధానంగా ఆ పార్టీలోనే సాగింది. 2021లో లాటరీ, కేసినోల బిల్లును సెనేట్ 23-9 ఓట్లతో ఆమోదించినా ప్రతినిధుల సభలో అది ఓటింగుకు రాలేదు.

2024 ఫిబ్రవరిలో లాటరీ, కేసినోలు, క్రీడా పందేలతో కూడిన సవరణను ప్రతినిధుల సభ ఆమోదించింది. సెనేట్ దానిని బాగా కుదించింది. ఉభయ సభల సంఘం కుదిర్చిన రాజీ బిల్లు ఏప్రిల్ 30న ప్రతినిధుల సభలో 72-29 ఓట్లతో నెగ్గి, సెనేట్‌లో 20-15 ఓట్లతో ఒక్క ఓటు తక్కువై వీగిపోయింది. సెనేట్‌లో బిల్లు బాధ్యత వహించిన గ్రెగ్ ఆల్బ్రిటన్ కూడా వ్యతిరేకంగా ఓటు వేశాడు.

వాదనలు

రాష్ట్ర ప్రజలు పొరుగు రాష్ట్రాలకు వెళ్ళి లాటరీ టికెట్లు కొంటున్నారని, ఆ సొమ్ము అక్కడి పిల్లల చదువులకు ఉపయోగపడుతున్నదని సమర్థకులు అంటారు. గవర్నరు కే ఐవీ నియమించిన అధ్యయన బృందం, జూదాన్ని చట్టబద్ధం చేస్తే ఏటా 51 కోట్ల నుండి 71 కోట్ల డాలర్ల ఆదాయం రావచ్చని 2020లో అంచనా వేసింది. లాటరీ భారం పేదలపైనే ఎక్కువగా పడుతుందని, ప్రజల వ్యసనం నుండి ప్రభుత్వం ఆదాయం పొందరాదని వ్యతిరేకులు అంటారు. అయితే 1999 తరువాత 2024 వరకు ఏ లాటరీ సవరణా ప్రజల ఓటు వరకు చేరలేదు.