పాత డీజిల్ పికప్‌కు టర్బో : ఖర్చుకు ముందు లెక్క

విశాఖపట్నం నుండి అరకు లోయకు సరుకు తోలే పాత డీజిల్ పికప్ వాహనం అనంతగిరి ఘాట్ రోడ్డు చేరేసరికి నీరసించడం యజమానులకు అనుభవమే. ఎక్కుడులో బండి రెండో గేరు దాటదు, వెనుక నల్లని పొగ. "టర్బో బిగిస్తే సరి" అని మెకానిక్ సలహా ఇస్తాడు. ఈ సలహా మంచిదా, కాదా అన్నది ఇంజను స్థితిని బట్టి, ఋణ వాయిదాలను బట్టి నిర్ణయించుకోవలసిన విషయం.

డీజిల్ పూర్తిగా మండాలంటే తగినంత గాలి కావాలి. పాత ఇంజను తన పిస్టన్లు పీల్చుకొనగలిగినంత గాలినే తీసుకొంటుంది. కొండ ఎక్కినకొద్దీ ఆ గాలి కూడా పలుచబడుతుంది. టర్బోచార్జరులో ఒకే ఇరుసుకు రెండు చక్రాలుంటాయి. సైలెన్సర్ వైపు పోయే పొగ ఒక చక్రాన్ని తిప్పగా, రెండవది గాలిని ఒత్తి ఇంజనులోకి పంపుతుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషి 1905లోనే ఈ పద్ధతికి పేటెంటు పొందాడు. మన దేశంలో 1988లో వచ్చిన టాటామొబైల్ 206లో 1948 సీసీ ఇంజను టర్బో లేకుండానే ఉండేది. అదే పరిమాణం గల ఇంజను 1990లలో సియెరా వాహనంలో టర్బోతో వచ్చినప్పుడు శక్తి సుమారు మూడో వంతు పెరిగింది. అయితే అది కర్మాగారంలో రూపొందిన ఇంజను. షెడ్డులో పాత ఇంజనుకు బిగించడం వేరు సంగతి.

ముందుగా ఇంజనును పరీక్షింపజేయాలి. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయినా, నాజిళ్ళు అరిగినా, పంపు టైమింగ్ తప్పినా బండి ఇలాగే నీరసిస్తుంది. వీటిని సరిచేయడానికి టర్బో ఖర్చులో కొద్ది భాగమే చాలు. ఇంజను నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే పొగ బుసబుస వచ్చినట్లయితే రింగులు, బోరు అరిగినట్లు అనుమానించాలి. కంప్రెషన్ పరీక్షతో అది తేలుతుంది. అటువంటి ఇంజనుకు టర్బో బిగించడం ప్రమాదకరం.

ఇంజను ఆరోగ్యంగా ఉన్నా, గాలి ఒత్తిడిని వాతావరణ పీడనంలో సగానికి లోపుగానే ఉంచుకోవడం మేలు. అదనపు గాలికి తగినట్లు పంపును కాలిబ్రేషన్ చేయించాలి. డీజిల్ అతిగా పెంచితే వేడి మితిమీరి పిస్టన్లు, హెడ్ గాస్కెట్ దెబ్బతింటాయి. రేడియేటర్, క్లచ్ ప్లేటు కూడా అదనపు భారానికి నిలవాలి. టర్బో ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగగలదు. దానికి శుభ్రమైన ఇంజన్ ఆయిలే ప్రాణం. కనుక ఆయిల్ సకాలంలో మార్చాలి. ఘాట్ ఎక్కి ఆగిన వెంటనే ఇంజను ఆపక, ఒకటి రెండు నిమిషాలు నెమ్మదిగా నడవనివ్వాలి.

శక్తి పెరిగినంత మాత్రాన ఆర్.సి.లోని అనుమతి బరువు పెరగదు. బ్రేకులూ పాతవే. ఎక్కిన బండి దిగవలసి ఉంటుందని మరువరాదు.

మోటారు వాహనాల చట్టం, 1988, సెక్షన్ 52 ప్రకారం తయారీదారు నిర్దేశించిన, ఆర్.సి.లో నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ నియమాన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో చేరిన సెక్షన్ 182ఎ కింద, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు రూ. 5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. కాబట్టి పని మొదలుపెట్టక ముందే రవాణా కార్యాలయాన్ని సంప్రదించాలి. బండి బ్యాంకు హామీలో ఉంటే శాఖకూ, బీమా కంపెనీకీ వ్రాతపూర్వకంగా తెలియజేయాలి.

ఇక లెక్క. టర్బో వల్ల నెలకు ఎన్ని అదనపు ట్రిప్పులు నిజంగా దొరుకుతాయి? ఖర్చులు పోను ట్రిప్పుకు ఎంత మిగులుతుంది? ఆ మొత్తం కొత్త ఖర్చు తాలూకు వాయిదాను దాటాలి. కిరాయి దొరకని చోట వేగం ఆదాయం తేదు. వాయిదాల మధ్యలో ఇంజను పట్టేస్తే కిరాయి ఆగుతుంది, వడ్డీ ఆగదు.

డీలర్లు కూడా అమ్మకానికి ముందు కంప్రెషన్ పరీక్ష ఫలితాన్ని, గ్యారంటీ షరతులను కాగితం మీద ఇవ్వడం మంచిది. ఆ కాగితం చేతికి వచ్చిన తర్వాతనే డబ్బు చెల్లించవలసిందిగా ఋణగ్రహీతలకు మా సలహా.