మహిళల డబుల్స్ టెన్నిస్: కోర్టు వెడల్పు ప్రాధాన్యం

నంద్యాల, ఆళ్లగడ్డ వంటి పట్టణాలలో టెన్నిస్ కోర్టులకు స్థలం కేటాయించేటప్పుడు డబుల్స్ కొలతలను పాటించడం అవసరం. సింగిల్స్, డబుల్స్ రెండింటికీ కోర్టు పొడవు 78 అడుగులే. వెడల్పు మాత్రం సింగిల్స్‌కు 27, డబుల్స్‌కు 36 అడుగులు. గీతల వెలుపల పరుగుకు కావలసిన స్థలం దీనికి అదనం. స్థలాభావం పేరిట వెడల్పు కుదించినచో ఒకే కోర్టుపై నలుగురు బాలికలు ఆడే అవకాశం కోల్పోతారు.

రాష్ట్రానికి అంతర్జాతీయ ఖ్యాతి తెచ్చినది డబుల్సే. 2004 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఓపెన్ మహిళల డబుల్స్ టైటిల్‌ను లీజెల్ హ్యూబర్‌తో కలిసి గెలుచుకున్న సానియా మీర్జా, డబ్ల్యూటీఏ టైటిల్ సాధించిన తొలి భారతీయ మహిళగా నిలిచారు. ఫైనల్‌లో ఓడిన చైనా జోడీ లి టింగ్, సున్ తియాంతియాన్ అదే ఏడాది ఆగస్టులో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో స్వర్ణ పతకం గెలుచుకోవడం గమనార్హం. 2015 ఏప్రిల్‌లో సానియా డబుల్స్‌లో ప్రపంచ ప్రథమ ర్యాంకు పొందారు.