ధ్రువుడు ఎన్ని పిడికిళ్ల ఎత్తు?

పరీక్షలో ఔట్‌లైన్ మ్యాపు ఇస్తే గోదావరిని తడుముకోకుండా గీసే పిల్లల్ని, మీ ఇంట్లో ఉత్తరం ఎటని అడిగి చూడండి. గోడమీది మ్యాపు గుర్తొచ్చి పైకప్పు చూపించేవాళ్లూ ఉంటారు. అందుకే మ్యాపు పాఠం డాబా మీద మొదలవ్వాలంటాను.

పెళ్లిలో అరుంధతితో పాటు ధ్రువుణ్ణీ చూపిస్తారు. ఆ చుక్క కదలనట్టు కనిపించడానికి కారణం, భూమి ఇరుసు దాదాపు దానివైపే గురిపెట్టి ఉండటం. వేసవి సాయంత్రాల్లో సప్తర్షులు ఉత్తరాన ఎత్తుగా ఉంటారు. వాళ్లలో పులహుడి నుంచి క్రతువు మీదుగా గీత గీసి, ఆ ఇద్దరి మధ్య దూరానికి ఐదింతలు పొడిగిస్తే ధ్రువుడు దొరుకుతాడు.

ఇప్పుడు చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగించమనండి. బొటనవేలు వదిలేస్తే పిడికిలి వెడల్పు కంటికి సుమారు 10 డిగ్రీలు. పిల్లల పిడికిలి చిన్నదే, కానీ చెయ్యీ పొట్టిదే కాబట్టి లెక్క సరిపోతుంది. నేల అంచు నుంచి ధ్రువుడి దాకా హైదరాబాద్‌లో రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ, ఢిల్లీలో దాదాపు మూడు, కన్యాకుమారిలో ఒకటి కూడా నిండదు. ఉత్తర ధ్రువంలో ఆ చుక్క నడినెత్తిన, 90 డిగ్రీల్లో ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర సున్నా. మధ్యలో ఎక్కడున్నా, చుక్క ఎత్తు ఎంతో మీ అక్షాంశం సుమారు అంతే.

అరబ్ నావికుల ‘కమాల్’ చేసిన పనీ ఇదే. చిన్న చెక్కపలక, మధ్యలోంచి ముడులేసిన తాడు. తాడును పళ్లతో పట్టి, పలక కింది అంచు సముద్రానికీ పై అంచు చుక్కకూ ఆనేలా జరిపేవారు. తమ రేవు ముడి సరిపోయేదాకా ఉత్తరానికో దక్షిణానికో సాగి, అక్కడ తూర్పుకో పడమరకో తిరిగేవారు. వాళ్ల కొలత పేరు ‘ఇస్బా’, అంటే వేలు.

నగరంలో నేల అంచును భవనాలు మింగేస్తాయి. అప్పుడు కోణమానిని తిన్నని అంచుకు స్ట్రా అతికించి, నడిమి చిల్లు నుంచి దారంతో గులకరాయి వేలాడదీయండి, మేస్త్రి తూకం గుండులా. స్ట్రాలోంచి చుక్కను చూసినప్పుడు దారం ఆనిన అంకెకూ 90కీ తేడాయే అక్షాంశం. హైదరాబాద్‌ది 17.4. మీవాడికి 19 వస్తే నిర్మల్ చేరినట్టే! ఒక్క డిగ్రీ 111 కిలోమీటర్లు మరి. ఆ తప్పును కొట్టేయకుండా మ్యాపు మీద పెట్టి చూపండి.

రేఖాంశానికి మాత్రం గడియారం కావాలి, అది ఇంకో రాత్రి పాఠం. ఈలోగా మెల్‌బోర్న్‌లో బాబాయి ఎవరైనా ఉంటే, ధ్రువుడు అక్కడ ఎన్ని పిడికిళ్లో ఫోన్ చేసి అడగమనండి. ఆ ఊళ్లో ధ్రువుడు ఏ రాత్రీ కనిపించడు.